ఇన్‌ఫ్లక్స్‌డీబీ 2 సర్వర్: లినక్స్, విండోస్, మ్యాక్, డాకర్‌లలో ఇన్‌స్టాల్ చేస్తే ఎలా ఉంది

సెన్సర్ రీడింగులు, సర్వర్ మెట్రిక్స్ లాంటి టైమ్ సిరీస్ డేటా (టైమ్‌తో పాటు నమోదయ్యే విలువలు) దాచుకోవడానికి ఇన్‌ఫ్లక్స్‌డీబీ 2 అనే డేటాబేస్ ఓపెన్ సోర్స్ వెర్షన్ వాడాలనుకునే వాళ్ల కోసం ఈ రివ్యూ. క్వెరీలు ఎంత ఫాస్ట్ అన్న సంగతి ఇందులో లేదు, కేవలం ఇన్‌స్టలేషన్ గురించే. నిజానికి సర్వర్‌ని ఆన్ చేయడం ఏ ఓఎస్‌లోనైనా తేలికే. కానీ ఇది రాసే డేటా ఏ ఫోల్డర్‌లో పడుతోంది, మెషిన్ రీస్టార్ట్ అయితే సర్వర్ దానంతట అదే లేస్తుందా అన్న రెండు ప్రశ్నలకు ఒక్కో ఓఎస్‌లో ఒక్కో జవాబు, అసలు గొడవంతా అక్కడే.

ముందు లినక్స్. ఉబుంటు, డెబియన్, రెడ్ హ్యాట్ కుటుంబాలకి దీన్ని తయారుచేసే కంపెనీ సొంత ప్యాకేజ్ రిపాజిటరీ (సాఫ్ట్‌వేర్ దింపుకునే చోటు) ఉంది. ప్యాకేజ్ అసలైనదని తేల్చే సైనింగ్ కీ చేర్చి, రిపాజిటరీ చేర్చి, ఆప్ట్ ఇన్‌స్టాల్ (రెడ్ హ్యాట్‌లో యమ్) కొడితే బూట్‌లో ప్రోగ్రాములు లేపే సిస్టమ్‌డీకి సర్వీస్ ఫైల్, ప్రత్యేక యూజర్, కాన్ఫిగ్ ఫైల్ అన్నీ వచ్చేస్తాయి. సర్వీస్‌ని ఎనేబుల్ చేస్తే చాలు, బూట్ అయిన ప్రతిసారీ అదే లేస్తుంది. ఒకటి మాత్రం చూసుకోండి, పాత ట్యుటోరియల్స్‌లో ఉన్న సైనింగ్ కీ కాపీ చేయొద్దు. 2023 జనవరిలో కీ మార్చారు కాబట్టి పాతది పెడితే ఆప్ట్ అప్‌డేట్ దగ్గరే పబ్లిక్ కీ లేదని ఆగిపోతుంది. కీ ఎప్పుడూ అధికారిక డాక్యుమెంటేషన్ నుంచే తీసుకోండి.

లినక్స్‌లోనే ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. సర్వీస్‌గా నడిస్తే డేటా వార్ లిబ్ (/var/lib) కింద ఇన్‌ఫ్లక్స్‌డీబీ ఫోల్డర్‌లో పడుతుంది. అదే సర్వర్ ప్రోగ్రామ్‌ని టెర్మినల్‌లో చేత్తో నడిపితే, నడిపిన యూజర్ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఇన్‌ఫ్లక్స్‌డీబీవీ2 అనే దాచిన ఫోల్డర్‌లోకి వెళ్తుంది. అంటే ముందు టెస్ట్ కోసం చేత్తో నడిపి, యూజర్ పేరు, ఆర్గనైజేషన్, బకెట్ (డేటా దాచే డబ్బా) అన్నీ పెట్టుకుని, తర్వాత సర్వీస్ స్టార్ట్ చేస్తే బ్రౌజర్‌లో మళ్లీ కొత్తగా సెటప్ స్క్రీన్ వస్తుంది. డేటా మొత్తం పోయిందని గుండె జారుతుంది. పోలేదు, సర్వర్ వేరే ఫోల్డర్‌లో చూస్తోంది, అంతే. ఎప్పుడైనా అనుకోకుండా సెటప్ స్క్రీన్ కనిపిస్తే ఏమీ టైప్ చేయకుండా ముందు ఫోల్డర్ ఏదో చూడండి.

విండోస్‌లో ఈ చిక్కు ఇంకా ముదురుతుంది. ఇన్‌స్టాలర్ లేదు, ఒక జిప్ ఫైల్ ఇస్తారు. విప్పి పవర్‌షెల్‌లో నడిపితే సర్వర్ లేస్తుంది, ఫైర్‌వాల్ అడిగితే అనుమతి ఇవ్వాలి, 8086 పోర్టులో పేజీ తెరుచుకుంటుంది. బాగానే ఉంది, కానీ ఆ పవర్‌షెల్ విండో మూస్తే సర్వర్ కూడా ఆగిపోతుంది. సర్వీస్‌గా పెట్టుకోవాలంటే ప్రోగ్రామ్‌ని సర్వీస్‌గా మార్చే ఎన్‌ఎస్‌ఎస్‌ఎమ్ లాంటి టూల్ వాడాలి, లేదా టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టాలి. అలా పెట్టిన సర్వీస్ లోకల్ సిస్టమ్ అకౌంట్ కింద నడిస్తే దాని యూజర్ ప్రొఫైల్ వేరు, కాబట్టి డేటా ఫోల్డర్ కూడా వేరు, మళ్లీ అదే ఖాళీ సెటప్ స్క్రీన్. దీనికి మందు ఒక్కటే, బోల్ట్ ఫైల్ (యూజర్లు, టోకెన్ల వివరాలు ఉండేది) పాత్, ఇంజిన్ (అసలు రీడింగులు ఉండే ఫోల్డర్) పాత్ రెండూ మొదటి రోజే కాన్ఫిగ్‌లో పూర్తి అడ్రస్‌తో రాసి పెట్టడం. విండోస్‌కి సర్వీస్‌తో సహా వచ్చే ఇన్‌స్టాలర్ ఇవ్వాల్సింది అని గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో మెషిన్లకి తగిలించిన పీసీలు చాలా వరకు విండోస్‌వే, అక్కడ కూర్చునే వాళ్లకి సర్వర్ అడ్మిన్ పని రావాలని లేదు. విండోస్ లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 అలవాటున్న వాళ్లు అందులో లినక్స్ ప్యాకేజ్ పెట్టుకోవచ్చు, డెవలప్‌మెంట్‌కి అది హాయిగా ఉంటుంది.

మ్యాక్‌లో హోమ్‌బ్రూ అనే ప్యాకేజ్ మేనేజర్‌తో పని త్వరగా అయిపోతుంది, బ్రూ సర్వీసెస్‌తో ఆటోమేటిక్‌గా లేపుకోవచ్చు. ఓపెన్ ఫైల్స్ లిమిట్ మ్యాక్‌లో మామూలుగా 256 మాత్రమే ఉంటుంది, డేటా పెరిగేకొద్దీ అది చాలదు, పెంచుకోవాలి. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

ప్రోగ్రామ్‌ని విడి కంటెయినర్‌లో నడిపే డాకర్ నాకు నచ్చింది, ఏ ఓఎస్ మీదైనా ఒకేలా ఉంటుంది కాబట్టి. రెండు వాల్యూములు (కంటెయినర్ పోయినా ఫైళ్లు ఉండే చోట్లు), ఒకటి డేటాకి, ఒకటి కాన్ఫిగ్‌కి, తప్పకుండా పేరు పెట్టి మౌంట్ చేయండి. వెర్షన్ చెప్పే ట్యాగ్‌లో లేటెస్ట్ అని కాకుండా 2 అని స్పష్టంగా రాయండి, ఎందుకంటే 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఇన్‌ఫ్లక్స్‌డీబీ 3 కోర్ పూర్తిగా వేరే సరుకు. రస్ట్ భాషలో మళ్లీ రాశారు, పోర్ట్ 8181, వెర్షన్ 2లో క్వెరీలు రాసే ఫ్లక్స్ భాష అందులో పనిచేయదు. ఇంకోటి, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఇచ్చే యూజర్ పేరు, పాస్‌వర్డ్ మొదటిసారికే. డేటా ఉన్న వాల్యూమ్ తగిలించాక వాటిని మార్చినా ఏమీ మారదు.

చిన్న బోర్డుల మీద పెట్టేవాళ్లకి ఒక మాట. రాస్‌బెర్రీ పైలో 64 బిట్ ఓఎస్ ఉంటేనే వెర్షన్ 2 నడుస్తుంది. 32 బిట్ వేసుకుని ఉంటే ఓఎస్ మార్చాలి, లేదా పాత 1 సిరీస్‌తో సరిపెట్టుకోవాలి.

కమాండ్ లైన్ టూల్ 2.1 నుంచి విడి ప్యాకేజీగా వస్తోంది, సర్వర్ పెట్టినంత మాత్రాన అన్ని చోట్లా అది రాదు. సెటప్‌లో వచ్చే ఆపరేటర్ టోకెన్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఇచ్చే కీ) భద్రంగా దాచుకోండి. పోయినా టెన్షన్ పడక్కర్లేదు, సర్వర్ ఆపి రికవరీ కమాండ్‌తో కొత్తది చేసుకోవచ్చు, కాకపోతే లినక్స్‌లో ఆ కమాండ్‌కి కూడా సర్వీస్ వాడే బోల్ట్ ఫైల్ పాతే ఇవ్వాలి. వాడకం సమాచారం కంపెనీకి వెళ్లకూడదనుకుంటే రిపోర్టింగ్ ఆపే ఆప్షన్ ఉంది, అది కూడా అప్పుడే పెట్టేయండి.

ఆఖరి పరీక్షగా ఒక పాయింట్ (ఒక రీడింగ్) రాసి చూడండి. టైమ్‌స్టాంప్‌ని ఇది నానోసెకన్లుగా తీసుకుంటుంది. మీ స్క్రిప్ట్ సెకన్లలో పంపుతూ ప్రెసిషన్ (టైమ్ ఏ యూనిట్‌లో ఉందో) చెప్పకపోతే ఆ రీడింగ్ 1970 జనవరి 1కి వెళ్లి కూర్చుంటుంది. బకెట్‌కి 30 రోజుల రిటెన్షన్ (అంతకంటే పాతది ఉంచకూడదన్న గడువు) పెట్టి ఉంటే అసలు లోపలికే రాదు, ఇన్‌స్టలేషన్‌లోనే లోపం ఉందని వెతుకుతూ కూర్చుంటారు.

నా మార్కులు లినక్స్‌కి 5కి 4.5, డాకర్‌కి 4, మ్యాక్‌కి 3.5, విండోస్‌కి 2. ఎప్పుడూ ఆన్‌లో ఉండాల్సిన సర్వర్ అయితే లినక్స్ ప్యాకేజే పెట్టుకోండి. విండోస్ తప్పని చోట పాత్‌లు రాసి, సర్వీస్ పెట్టి, ఒకసారి మెషిన్ రీస్టార్ట్ చేసి పాత డేటా కనిపిస్తోందా అని చూశాకే సెన్సర్లు కలపండి.