కోస్గొడలో నాలుగు వారాలు: ఆరుగురి ఇల్లు, తాబేళ్ల తొట్లు

జనవరి వచ్చిందంటే మా మైపాడు ఒడ్డుకు చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తాయి. ట్రాలర్ల వలల్లో చిక్కుకుని, పైకి వచ్చి గాలి పీల్చుకోలేక చనిపోయినవి. ఆ బాధతోనే నిరుడు శ్రీలంకలోని కోస్గొడలో తాబేళ్ల సంరక్షణ కేంద్రానికి వలంటీరుగా వెళ్లాను. తిరిగొచ్చాక ఇందుకూరుపేటలో ముగ్గురు కాలేజీ పిల్లలు, "మేమూ పోతాం అక్కా, ఎట్టుంటాది?" అని పట్టుకున్నారు. వాళ్లకు చెప్పిందే ఇది.

ప్రయాణం తేలిక. నెల్లూరు నుంచి చెన్నైకి రైలు, అక్కడినుంచి కొలంబోకు చిన్న విమాన ప్రయాణం. కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో గాలే వైపు రైలెక్కి కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం పక్కనే వస్తుంది. వీసా సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. జీతం లేకపోయినా పని పనే, పర్యాటక వీసా దానికి చాలదు. నా కాగితాలు సరిగా రావడానికి నెల పట్టింది.

వలంటీర్ల ఇంట్లో ఆరుగురం, మూడు గదులు, స్నానాల గది ఒక్కటే. రాత్రి గస్తీ తిరిగి తెల్లవారుజామున పడుకునేవాళ్లం కొందరం, అప్పుడే లేచి గిన్నెలు మోగించేవాళ్లు కొందరు. మొదటి వారం మొహాలు చూసుకోలేకపోయాం. నాకు దారి చూపింది వంటిల్లే. అక్కడ తోర అనే చేప మన వంజరమే. చింతపండు ఇంటినుంచి తీసుకెళ్లాను, పచ్చి మామిడికాయ సంతలో దొరికింది. పులుసు పెట్టి, మర్నాటిదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే ఆ పులుసులో ఇడియాప్పం ముంచుకు తింటూ జర్మనీ అమ్మాయి వంట వంతుల కాగితం తానే రాసి గోడకంటించింది. ఇల్లు ఊడ్చే ఆవిడను అలవాటుగా "అక్కా" అని పిలిస్తే వెంటనే తిరిగి చూసింది. సింహళంలోనూ అక్క అంటే అక్కే! ఆవిడ నన్ను 'నంగి' అనేది, అంటే చెల్లి. ఆ ఇంటికి మళ్లీ రమ్మంటే రేపే బయల్దేరతాను.

పని గురించి అలా చెప్పలేను. నేను పనిచేసిన చోట గుడ్లు ఇసుకలో పాతి కాపాడతారు, అంతవరకు మంచిదే. కానీ పుట్టిన పిల్లల్ని రోజుల తరబడి సిమెంటు తొట్లలో ఉంచి టికెట్టు కొన్నవాళ్లకు చూపిస్తారు. తాబేలు పిల్ల పొట్టలో మిగిలిన పచ్చసొన దానికి దారి బత్తెం. ఆ బలంతోనే అది ఒడ్డు దాటి లోతు నీళ్లకు ఈదాలి. ఆ బలమంతా తొట్లో గుండ్రంగా తిరగడానికే అయిపోతోంది. తొట్లు కడుగుతూ అది రోజూ చూడటం నావల్ల కాలేదు. అడిగితే "బలపడ్డాక వదులుతాం" అన్నారు. రెండో వారం చివర పట్టుబట్టి గూళ్ల పనికి మారాను. ఒక్కో గూటిలో నూరుకు అటూ ఇటూగా గుడ్లు. తీసిన గుడ్డును తిప్పకుండా, ఉన్నది ఉన్నట్టే కొత్త గుంటలో పెట్టాలి. ఇసుక వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి ఎక్కువ పుడతాయి కాబట్టి నీడ పందిరి ఎక్కడ వేయాలన్నదీ లెక్కే. ఈ రెండు వారాల్లో నేర్చుకున్నది నాకు జీవితాంతం పనికొస్తుంది.

వలంటీరుగా ఉండటానికి నేనే వారం వారం కేంద్రానికి కట్టిన డబ్బుకు పక్కనే గెస్ట్‌హౌస్‌లో సొంత గది వచ్చేది. అందుకే డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి: తాబేలు పిల్లల్ని అవి గూటినుంచి బయటికొచ్చిన రాత్రే సముద్రంలో వదులుతారా? జవాబు రాతలో తెప్పించుకోండి.

ఆ ముగ్గురిలో ఇద్దరు ఇప్పుడు నాతో మైపాడు ఒడ్డున రాత్రిళ్లు నడుస్తున్నారు. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటాం, గూడు కనిపిస్తే ముట్టుకోకుండా అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేస్తాం. మూడో పిల్లాడు ఆ ప్రశ్న రాసి రెండు చోట్లకు పంపాడు. ఒకచోటినుంచి "అవును, అదే రాత్రి" అని వచ్చింది. వాడు పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టుకున్నాడు.