సృష్టి కథలో దేవాలయం ఎక్కడ: మొదటి అధ్యాయంలోనా, ఏదెను తోటలోనా?

ఈమధ్య బైబిల్ స్టడీల్లో ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. "ఆదికాండంలోని సృష్టి కథ అసలు దేవాలయం కథ అంటున్నారు. అది మొదటి అధ్యాయం గురించా, ఏదెను తోట గురించా? రెండూ ఒకటేనా?" ఒకటి కాదు. యూట్యూబ్ ప్రసంగాల్లో రెంటినీ కలిపి చెప్పేస్తున్నారు కాబట్టి అలా అనిపిస్తోంది. ఇవి వేర్వేరు వాదాలు, వీటి ఆధారాలూ వేరు. ఒకటి ఒప్పుకున్నంత మాత్రాన రెండోది ఒప్పుకోవాల్సిన పని లేదు.

మొదటి వాదం ప్రకారం విశ్వమంతా ఒక ఆలయం. ఆరు రోజులూ దాన్ని సిద్ధం చేయడం, ఏడో రోజు దేవుడు అందులో కొలువుదీరడం. 1984లోనే యూదు పండితుడు జాన్ లెవెన్సన్ ఆలయానికీ లోకానికీ ఉన్న ఈ పోలిక మీద రాశాడు గానీ, మామూలు పాఠకుల దాకా తెచ్చింది 2009లో జాన్ వాల్టన్. రెండో వాదంలో ఆలయం విశ్వమంతా కాదు, ఏదెను తోట. ఆదాము అందులో యాజకుడు. 1986లో గోర్డన్ వెన్‌హామ్ రాసిన ఒక చిన్న వ్యాసం దీనికి పునాది. 2004లో గ్రెగరీ బీల్ ఆ ఆలోచనను ప్రకటన గ్రంథం దాకా లాక్కెళ్ళాడు.

నా మొగ్గు తోట వైపే. అలాగని మొదటి వాదాన్ని తేలిగ్గా తీసేయలేం.

ప్రాచీన పశ్చిమాసియా దేశాల్లో దేవుడు "విశ్రమించడం" అంటే అలిసిపోయి నడుం వాల్చడం కాదు, తన ఇంట్లో సింహాసనం ఎక్కడం. కీర్తన 132లో సీయోను గురించి దేవుడే "ఇది నా విశ్రమస్థానం" అంటాడు. ఇక ఏడు అనే లెక్క. క్రీ.పూ. 2100 ప్రాంతంలో మెసొపొటేమియాలోని లగాషు నగరాన్ని ఏలిన గుదేయ, నింగిర్సు దేవుడికి ఆలయం కట్టించి ఆ కథంతా మట్టి సిలిండర్ల మీద రాయించాడు. అవి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. దేవుడు ఆలయంలో అడుగుపెట్టాక ఏడు రోజుల పండుగ. ఆ ఏడు రోజులూ తిరగలి ఆడలేదట, దాసి యజమానురాలితో సమానంగా ఉందట, దాసుడు యజమాని పక్కన నడిచాడట. విశ్రాంతి దినాన నీ దాసుడూ దాసీ కూడా పని చేయకూడదన్న ఆజ్ఞ చదివినవాళ్ళకు ఇక్కడ చెవులు నిక్కబొడుచుకుంటాయి. సిరియా తీరంలోని ప్రాచీన నగరం ఉగరిత్‌లో దొరికిన పలకల్లో బయలు దేవుడి భవనం లోపల ఆరు రోజులు నిప్పు మండి, ఏడో రోజుకి వెండి బంగారాలు ఇటుకలుగా మారతాయి. సొలొమోను మందిరం ఏడేళ్ళు పట్టింది, ఏడో నెలలో ప్రతిష్ఠ జరిగింది.

ఇంకోటి, మనిషి దేవుని స్వరూపంలో కలగడం. గోడలు లేచినంత మాత్రాన గుడి కాదని, విగ్రహ ప్రతిష్ఠ జరగాలని మన ఊళ్ళలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. అన్నీ అమరాక, ఆరో రోజు చివర్లో దేవుడు తన స్వరూపాన్ని భూమ్మీద నిలబెట్టడం బబులోను, అష్షూరు వాళ్ళకు చెబితే వెంటనే ఇది ఆలయం సంగతేనని పట్టేసేవాళ్ళు.

అన్నిటికన్నా గట్టి ఆధారం మాత్రం నిర్గమకాండంలో ఉంది. 25 నుంచి 31 అధ్యాయాల దాకా ప్రత్యక్ష గుడారం, అంటే ఎడారిలో ఇశ్రాయేలీయులు వెంట మోసుకెళ్ళిన ఆరాధన గుడారం, కొలతలు. చాలామంది పేజీలు తిప్పేసే భాగం. అందులో "యెహోవా మోషేతో" మాట్లాడాడు అని మొదలయ్యే చోట్లు లెక్కపెట్టండి: 25:1, 30:11, 30:17, 30:22, 30:34, 31:1, 31:12. ఏడు. ఏడోది దేని గురించి? విశ్రాంతి దినం గురించి. "ఆరు దినములు" ఆకాశాన్నీ భూమినీ చేసి ఏడో రోజు పని మానిన సంగతి అక్కడ మళ్ళీ చెబుతుంది. పని పూర్తయ్యాక మోషే దాన్ని చూశాడు, దీవించాడు (39:43), పని ముగించాడు (40:33). ఆదికాండం 1:31 నుంచి 2:3 వరకు పక్కన పెట్టి చదివితే అదే వరస వినిపిస్తుంది. గుడారం నిలబెట్టింది కూడా మొదటి నెల మొదటి రోజున. ఇదంతా యాదృచ్ఛికం అనడం కష్టం.

కొందరు ఇక్కడితో ఆగరు, ఏడు మాటలకీ ఏడు రోజులకీ ఒక్కొక్కటిగా ముడి పెడతారు. మూడో మాట ఇత్తడి గంగాళం, మూడో రోజు సముద్రం. బాగానే ఉంది. ఆరో మాట దేవుని ఆత్మతో నిండిన శిల్పి బెసలేలు, ఆరో రోజు మనిషి. ఇదీ బాగుంది. మరి రెండో మాట తలకు అర తులం పన్ను. ఆకాశవిశాలానికీ దానికీ ఏం సంబంధం? ఐదో మాట ధూపద్రవ్యం, ఐదో రోజు చేపలు, పక్షులు. ఇవి అతకవు, బలవంతంగా అతికించనూ కూడదు. ఏడు మాటలు, ఏడోది విశ్రాంతి దినం. ఆధారంగా అది చాలు.

అయితే ఈ ఆధారం రుజువు చేసేది ఏమిటి? ప్రత్యక్ష గుడారాన్ని ఒక చిన్న లోకంలా వర్ణించారని. లోకమే పెద్ద గుడారమని కాదు. ఈ రెంటికీ తేడా ఉంది, చాలామంది ప్రసంగీకులు ఒకదాన్నుంచి రెండోదాంట్లోకి చెప్పకుండా జారిపోతారు. సృష్టి కథ ముందే తెలిసిన రచయిత, గుడారం గురించి రాసేటప్పుడు ఆ లయను వాడుకున్నాడంటే సరిపోతుంది. విశ్వమే ఆలయమని సూటిగా చెప్పే వాక్యం కావాలంటే యెషయా 66 దాకా వెళ్ళాలి: "ఆకాశము నా సింహాసనము, భూమి నా పాదపీఠము." ప్రవక్త ఆ మాట అంటున్నది కూడా మీరు కట్టే ఇల్లు నాకేపాటిది అని నిలదీయడానికి.

నాకు తేల్చేసే సంగతి వేరే ఉంది. హద్దు. ఆలయం అన్నాక లోపల, బయట అని ఉంటాయి. ఎవరు ఎంతదాకా వెళ్ళొచ్చో, ఎక్కడ ఆగాలో, దాటితే ఏమవుతుందో ఉంటుంది. ఇశ్రాయేలు గుడారంలో ఆవరణం, పరిశుద్ధ స్థలం, అతి పరిశుద్ధ స్థలం అని మెట్లు మెట్లుగా ఉన్నది ఆ హద్దులే. ఆ కళ్ళతో మొదటి అధ్యాయం చదవండి. అన్నీ మంచివే, చివర్లో చాలా మంచివి. పరిశుద్ధం అన్న మాట ఒక్కదానికే దక్కింది, అదీ స్థలానికి కాదు, ఏడో రోజుకి. 2:3 దాకా సాగే ఆ మొత్తం కథలో దేవుడు పరిశుద్ధపరచింది ఒక దినాన్ని. దాన్ని కాలంలో కట్టిన మందిరం అంటారా, సంతోషంగా ఒప్పుకుంటాను. కానీ అందులో నేలకు గడప లేదు.

గడప రెండు మూడు అధ్యాయాల్లో ఉంది. తోటను తూర్పున నాటాడు, మనిషిని తెచ్చి అందులో పెట్టాడు, ఒక చెట్టు దగ్గర గీత గీశాడు, దాటితే చావన్నాడు. దాటాక బయటికి పంపి, తూర్పు వైపు కెరూబులనూ (రెక్కలున్న పరలోక కావలివాళ్ళు) తిరిగే ఖడ్గజ్వాలనూ నిలబెట్టాడు. కెరూబులు ఊరికే ఎక్కడపడితే అక్కడ కనబడవు. గుడారంలో అవి ఉన్నవి నిబంధన మందసం మూత అయిన కరుణాపీఠం మీద, లోపలి తెరల మీద, అతి పరిశుద్ధ స్థలానికి అడ్డంగా వేలాడే తెర మీద. సొలొమోను మందిరంలో గోడల మీద, తలుపుల మీద కెరూబులు, వాటితోపాటు ఖర్జూర చెట్లు, విచ్చుకున్న పువ్వులు. లోపల పదేసి మూరల ఎత్తున ఒలీవ కర్రతో చేసిన రెండు కెరూబులు. మందిరం లోపలికి అడుగుపెట్టిన యాజకుడికి చుట్టూ కనిపించేది తోటే. దీపవృక్షానికి కొమ్మలు, మొగ్గలు, పువ్వులు ఎందుకున్నాయో కూడా అప్పుడు అర్థమవుతుంది.

ఇప్పుడు సంఖ్యాకాండం 3:38 తెరవండి. ఈ చర్చలో దీన్ని ఎవరూ ఎందుకు ముందు పెట్టరో నాకు తెలియదు. గుడారం చుట్టూ ఎవరెవరు ఎటువైపు దిగాలో చెబుతూ, తూర్పు వైపు మాత్రం మోషే, అహరోను, అతని కొడుకులు దిగాలంటుంది. ఎందుకంటే ద్వారం అటే ఉంది. పని, పరిశుద్ధ స్థలాన్ని కాయడం. అన్యుడు దగ్గరకొస్తే మరణశిక్ష. తూర్పు దిక్కు, కాపలా, చావు. ఆదికాండం 3:24లో కెరూబులు నిలబడ్డ చోటు ఇదే, వాటి పనీ ఇదే. అంతకుముందు 2:15లో తోటను కాచే పని మనిషిదే. ఆ డ్యూటీ అతని చేతిలోంచి జారి కెరూబులకు వెళ్ళింది.

లేవీయకాండం 16లో ఏడాదికి ఒక్కరోజు ప్రధాన యాజకుడు తూర్పు నుంచి పడమరకు నడిచి, కెరూబులున్న తెరను దాటి, కరుణాపీఠం మీద తూర్పువైపున రక్తం ప్రోక్షిస్తాడు. ఆదాము బయటికొచ్చిన దారినే అతను వెనక్కి నడుస్తున్నాడు. మొదటి అధ్యాయాన్ని ఆలయమన్నప్పుడు లేవీయకాండంలోని ఈ నడకకు ఏ వివరణా దొరకదు. తోటను ఆలయమంటే ఆ నడక మొత్తం అర్థమవుతుంది. నా ఓటు అటు పడడానికి ఇదే కారణం.

తోట పక్షం వాళ్ళు చూపించే ఆధారాలన్నీ ఇంత బలమైనవి అనను. బంగారం, గోమేధికం ఉన్నాయి కదా, ప్రధాన యాజకుడి పైవస్త్రమైన ఏఫోదు భుజాల మీది రాళ్ళు అవే కదా అంటారు. వాక్యం మళ్ళీ చూడండి, ఆ బంగారం ఉన్నది హవీలా దేశంలో, తోటలో కాదు. సేద్యం చేయడం, కాయడం అన్న రెండు క్రియలూ లేవీయుల సేవకు వాడినవే అన్నది నిజమే. కానీ తోటలో పెట్టిన మనిషి సేద్యం చేయక ఏం చేస్తాడు? దాని మీద ఒక్కదాని మీదే ఆదామును యాజకుణ్ణి చేయలేం. పక్కన సంఖ్యాకాండం 3 ఉంది కాబట్టి ఆ క్రియలకు కూడా విలువ వస్తోంది.

అసలైన అభ్యంతరం డేనియల్ బ్లాక్ 2013లో పెట్టాడు: తోట ఆలయం కాదు, ఆలయమే తోటను తలపించేలా కట్టింది, మీరు వెనక నుంచి ముందుకు చదువుతున్నారు అని. న్యాయమైన మాటే. ఇదే మాట మొదటి వాదం మీద నేనే అన్నాను, ఇక్కడ దాటేస్తే పక్షపాతం అవుతుంది. కాకపోతే తేడా ఇది: మొదటి అధ్యాయానికీ గుడారానికీ కలిసేది కథనపు వరస. తోటకీ గుడారానికీ కలిసేది దిక్కు, ద్వారం, కావలివాళ్ళు, శిక్ష. ఏది దేన్ని చూసి వచ్చినా, తోట చేసే పని పరిశుద్ధ స్థలం చేసే పనే. యెహెజ్కేలు 28 కూడా ఏదెనునూ దేవుని పర్వతాన్నీ కెరూబునూ ఒకే ఊపిరిలో చెబుతుంది. తోటలో బలిపీఠం లేదే అని అడుగుతారు. దహనబలిపీఠం గుడారంలోనూ లోపల ఉండదు, తూర్పు ద్వారానికీ గుడారానికీ మధ్య, ఆరుబయట ఉంటుంది. బైబిల్లో మొదటి అర్పణలు కనబడేది నాలుగో అధ్యాయంలో, తోట బయటికి వచ్చేశాక.

మిగతా వాదాల సంగతి రెండు ముక్కల్లో. రెంటినీ కలిపి, ఏదెను అతి పరిశుద్ధ స్థలం, తోట పరిశుద్ధ స్థలం, బయటి లోకం ఆవరణం అనేది బీల్ కూర్పు. నది ఏదెనులో పుట్టి తోటను తడుపుతుంది కాబట్టి ఏదెను, తోట వేరని ఆధారం. చక్కగా ఉంది, మరీ చక్కగా ఉండడమే నాకు అనుమానం. మొదటి మూడు రోజులకీ తర్వాతి మూడు రోజులకీ జత కుదిర్చే సాహిత్య చట్రం వాదానికి ఆలయంతో పేచీ లేదు, పొత్తూ లేదు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ ఏడు దీపాలు ఏడు గ్రహాలనీ, పన్నెండు రొట్టెలు పన్నెండు నెలలనీ చెప్పాడు. మొదటి శతాబ్దపు యూదులు గుడారాన్ని ఎలా చూశారో తెలుసుకోవడానికి పనికొస్తుంది, మోషే ధర్మశాస్త్రానికి వ్యాఖ్యానంగా కాదు.

ప్రకటన గ్రంథం ఎటువైపు అని అడిగేవాళ్ళకు: పేరుకు రెండు వైపులా. కొత్త యెరూషలేము పొడవు, వెడల్పు, ఎత్తు సమానం, పన్నెండు వేల స్టాడియాలు. సొలొమోను మందిరంలో అలా మూడు కొలతలూ సమానంగా, ఇరవై మూరల చొప్పున ఉన్నది అతి పరిశుద్ధ స్థలం ఒక్కటే. దాన్ని అంత పెద్దది చేయడం మొదటి వాదానికి దగ్గర. కానీ నదీ జీవవృక్షమూ తోటలోవి, ద్వారాల దగ్గర దేవదూతలున్నారు, ఆ ద్వారాలు ఎప్పుడూ మూయరు. కెరూబుల కాపలా గుర్తులేని పాఠకుడికి ఆ చివరి మాట ఎందుకు రాశారో అర్థం కాదు.

ఇక, ఆరు రోజులంటే ఇరవై నాలుగు గంటలేనా అన్న టెన్షన్‌తో ఈ చర్చలోకి వచ్చినవాళ్ళు వాల్టన్ వైపు వెళ్ళడంలో ఆశ్చర్యం లేదు. ఆ అధ్యాయం చెప్పేది పదార్థం ఎప్పుడు పుట్టిందని కాదు, దేనికి ఏ పని అప్పగించారని, ఆ వారం ప్రతిష్ఠ వారమని ఆయన వాదన. దాంతో భూమి వయసు గొడవ పక్కకు తప్పుకుంటుంది. తోట వాదం ఆ ప్రశ్నను ముట్టుకోదు. మీకు కావాల్సింది ఆ జవాబే అయితే నేను చెప్పిన దారి మీకు పనికిరాదు. లేవీయకాండం మొదలుపెట్టి సగంలో ఆపేసినవాళ్ళు మాత్రం ఆదికాండం 3, సంఖ్యాకాండం 3, లేవీయకాండం 16 ఈ వరసలో ఒకేసారి కూర్చుని చదవండి.