అప్రైజ్, ఇంటిమేట్, ఇన్‌ఫార్మ్: ఉత్తరంలో ఏది మేలు?

ఇంగ్లీషులో అర్జీ రాస్తున్నప్పుడు "తెలియజేయగలరు" అనాల్సిన చోట చాలామందికి పెన్ను ఆగిపోతుంది. ఇన్‌ఫార్మ్ మరీ మామూలుగా ఉంటుందేమోనని అప్రైజ్ అనో, ఇంటిమేట్ అనో రాసేస్తారు.

అప్రైజ్‌తోనే మనకు పెద్ద చిక్కు. ఏటా జీతం పెంచే ముందు పనితీరు చూడడాన్ని ఆఫీసుల్లో అప్రైజల్ అంటాం. నిజానికి అది అప్రెయిజల్, అంటే విలువ కట్టడం. అప్రైజ్ అంటే తెలియజేయడం. స్పెల్లింగులో తేడా ఒక్క 'ఏ' అక్షరమే. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి పైఅధికారికి రాసిన కాగితం నా దగ్గరికి తెచ్చింది. ఆ ఒక్క అక్షరం ఎక్కువైనందుకు "పరిస్థితి మీకు తెలియజేస్తాను" కాస్తా "మీ విలువ కడతాను" అయి కూర్చుంది. పైగా ఈ క్రియకు మనిషి ముందు, ఆ తరువాత 'ఆఫ్', ఆపైన విషయం రావాలి. నడుస్తున్న వ్యవహారాన్ని ఎప్పటికప్పుడు పైవాళ్ల చెవిన వేయడానికి ఇది చక్కగా నప్పుతుంది. రేపు రాలేనని చెప్పడానికి మాత్రం బరువెక్కువ.

ఇంటిమేట్ మన సర్కారు కాగితాల్లో పాతుకుపోయిన మాట. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 143(1) సెక్షన్ కింద, రిటర్ను చూశాక పంపుతూ వచ్చింది ఇంటిమేషనే. 2005 సమాచార హక్కు చట్టంలో అదనపు రుసుము కట్టమని పంపేదీ ఇంటిమేషనే. కాబట్టి ఇక్కడి ఆఫీసుకు రాస్తే తప్పేమీ లేదు. అయితే "ప్లీజ్ ఇంటిమేట్ మీ" అని రాయకూడదు. దీనికి కర్మ విషయమే, మనిషి కాదు. అమెరికా, బ్రిటన్ వాళ్లకు రాసేటప్పుడు అసలు వద్దు. వాళ్ల వాడుకలో దానర్థం నేరుగా చెప్పకుండా సూచనగా అనడం. డెలివరీ తేదీ ఇంటిమేట్ చేస్తామంటే క్లయింటుకు అనవసరంగా టెన్షన్.

నోటిఫై గెజిట్లకు, రూల్ ప్రకారం ఇవ్వాల్సిన నోటీసులకు సరి.

మిగతా అన్నిటికీ నా ఓటు ఇన్‌ఫార్మ్‌కే. అరెస్టు చేసిన మనిషికి కారణం వీలైనంత త్వరగా తెలపాలని చెప్పే రాజ్యాంగం 22(1) అధికరణంలో వాడింది ఈ మాటే. అంతటి చోట సరిపోయిన మాట మన సెలవు చీటీకి చాలదా?

ఆ అమ్మాయి కాగితంలో మాత్రం 'ఏ' కొట్టేసి, 'ఆఫ్' చేర్చి, అప్రైజ్‌నే ఉంచాను. అది వారం వారం పంపే రిపోర్టు మరి. దానితో పాటు తెచ్చిన సెలవు చీటీలో ఇన్‌ఫార్మ్ పెట్టించాను.