ఫోన్ పవర్ కంట్రోల్: ఒక్క బిట్టా, లెక్కకట్టిన సవరణా, ఓపెన్ లూపా? ఏది మేలు?

టవర్‌కు 100 మీటర్ల దూరంలో ఒక ఫోన్, కిలోమీటరు దూరంలో ఇంకొకటి ఉన్నాయనుకుందాం. సిగ్నల్ బలం దూరానికి నాలుగో ఘాతంలో పడిపోతుందనుకుంటే, రెండూ ఒకే పవర్‌తో పంపినప్పుడు దగ్గరిది 10,000 రెట్లు, అంటే 40 డీబీ (డెసిబెల్; ప్రతి 10 డీబీకీ బలం పది రెట్లు), ఎక్కువ బలంగా టవర్‌ను చేరుతుంది. సీడీఎంఏలో (మన దగ్గర రిలయన్స్, టాటా ఇండికామ్ ఫోన్లు నడిచిన పద్ధతి) అందరూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఒకేసారి పంపుతారు. పవర్ సర్దకపోతే దూరపు ఫోన్ మునిగిపోతుంది.

అన్నిటికన్నా చవకైనది ఓపెన్ లూప్. టవర్ సిగ్నల్ తనకు ఎంత బలంగా అందుతోందో చూసి, ఫోనే తన పవర్ అంచనా వేసుకుంటుంది. దూరం, గోడలు ఈ అంచనాకు అందుతాయి, ఫేడింగ్ (వేర్వేరు దారుల్లో వచ్చిన తరంగాలు కలిసి సిగ్నల్ క్షణక్షణం పెరిగి తగ్గడం) అందదు. 800 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో అప్‌లింక్ (ఫోన్ నుంచి టవర్‌కు), డౌన్‌లింక్ (టవర్ నుంచి ఫోన్‌కు) మధ్య 45 మెగాహెర్ట్జ్ తేడా ఉంటుంది కాబట్టి ఒకదాని ఫేడింగ్ చూసి రెండోదాన్ని చెప్పలేం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బస్సులో సుమారు ప్రతి 11 మిల్లీసెకన్లకూ సిగ్నల్ ఒక్కసారిగా పడిపోయే గుంట ఒకటి ఎదురవుతుంది.

అందుకే క్లోజ్డ్ లూప్: ఫోన్ సిగ్నల్‌ను టవరే కొలిచి ఆదేశమిస్తుంది. ఐఎస్-95లో (తొలి సీడీఎంఏ ప్రమాణం) టవర్ సెకనుకు 800 సార్లు ఒక్క బిట్ పంపేది: పెంచు, లేదా తగ్గించు. ఒక్కో ఆదేశానికి పవర్ మారేది 1 డీబీ. 3జీ ఫోన్ల డబ్ల్యూసీడీఎంఏలో ఇది సెకనుకు 1500 సార్లు. కంట్రోల్ భాషలో ఇది రిలే, ఫ్రిజ్ థర్మోస్టాట్ లాంటి మొరటు పరికరం.

పాఠ్యపుస్తకం చదివినవాళ్లకు వెంటనే వచ్చే ఆలోచన ఒకటుంది: ఎంత తేడా ఉందో అంతే సవరించమని చెప్పొచ్చు కదా? 1993లో ఫోషీని, మిల్యానిచ్ అనే పరిశోధకులు చూపిన పద్ధతి ఇదే. ఎస్ఐఆర్ అంటే అడ్డుతగిలే సిగ్నళ్లతో పోలిస్తే మన సిగ్నల్ ఎన్ని రెట్లు బలంగా ఉందన్నది. ప్రతి ఫోన్ తన పవర్‌ను (కావాల్సిన ఎస్ఐఆర్ ÷ అందుతున్న ఎస్ఐఆర్)తో గుణించుకుంటూ పోతే, అందరి లక్ష్యాలూ ఒకేసారి సాధ్యమైన పక్షంలో, అంతా సరైన పవర్ల దగ్గర కుదురుకుంటుంది. సాధ్యం కాకపోతే పవర్లు గరిష్ఠం వైపు ఎగబాకుతాయి. అప్పుడు కొత్త కాల్స్‌ను ఆపాల్సిందే.

డీబీల్లో చూస్తే ఇది గెయిన్ 1 ఉన్న ఇంటిగ్రేటర్, అంటే కనిపించిన తేడా మొత్తాన్నీ ప్రతిసారీ పవర్‌కు కలుపుతుంది (గెయిన్ అంటే తేడాలో ఎంత భాగం సవరిస్తామన్నది). కొలతకూ ఆదేశానికీ మధ్య ఒక్క అడుగు (ఒక ఆదేశం వ్యవధి) ఆలస్యం చేరిస్తే దీని డోలనం ఎప్పటికీ ఆగదు, ఆరు అడుగులకోసారి తిరిగి వస్తూనే ఉంటుంది. గెయిన్ తగ్గిస్తే స్థిరపడుతుంది, కానీ ఫేడింగ్ వెంట పరుగెత్తలేదు. ఒక్క బిట్ పద్ధతీ అదే ఆలస్యానికి ఆరు అడుగుల ఊగిసలాటలోనే పడుతుంది. కాకపోతే దాని ఊపుకు హద్దుంది: మొత్తం 3 డీబీ. పంపేసినా ఫలితం ఇంకా కొలతలో కనిపించని ఆదేశాల ప్రభావాన్ని ముందే కలుపుకుని లెక్కేస్తే అదీ 1 డీబీకి దిగుతుంది.

నా ఓటు సీడీఎంఏ వరకు ఒక్క బిట్‌కే. ఆలస్యం కాకూడదని ఈ ఆదేశాలను ఎర్రర్ కరెక్షన్ కోడింగ్ లేకుండా పంపుతారు. బిట్ తారుమారైతే పోయేది 2 డీబీ, తర్వాతి ఆదేశాలు సర్దేస్తాయి. పెద్ద సవరణను మోసే బిట్ తారుమారైతే దెబ్బ కూడా పెద్దదే.

ఎల్టీఈకి (4జీ) వచ్చేసరికి నా తీర్పు తలకిందులవుతుంది. అక్కడ ఒకే సెల్‌లోని (ఒక టవర్ పరిధిలోని) ఫోన్లు వేర్వేరు సబ్‌క్యారియర్ల (చిన్న చిన్న ఫ్రీక్వెన్సీ ముక్కల) మీద పంపుతాయి, ఒకదాన్నొకటి ముంచవు. ఇబ్బంది పడేది పక్క సెల్. కాబట్టి ఓపెన్ లూప్ ముందుకొచ్చింది, అదీ సగం మనసుతో: ఆల్ఫా (నష్టంలో ఎంత భాగాన్ని పూడ్చాలో చెప్పే సంఖ్య) 0.8 పెడితే సిగ్నల్ నష్టం 20 డీబీ పెరిగినా ఫోన్ 16 డీబీయే పెంచుతుంది. సెల్ అంచున ఉన్నవాళ్ల స్పీడ్ కొంత తగ్గుతుంది, పక్క సెల్‌కు ఊరట దొరుకుతుంది. పైన నెమ్మదిగా దిద్దడానికి −1, 0, 1, 3 డీబీ అనే రెండు బిట్ల ఆదేశాలు చాలు.