పాత సున్నపు గోడల ఇంటికి ఏది మేలు: జాలీ పట్టీలా, పూర్తి తొడుగా, ఇనుప కడ్డీలా?

ములుగు ప్రాంతంలో 2024 డిసెంబరు 4న 5.3 తీవ్రతతో భూకంపం వచ్చిన తరువాత, విశాఖ వన్‌టౌన్‌లోనూ మహారాణిపేటలోనూ పాత ఇళ్లున్నవారు తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. సున్నంతో కట్టిన ఇటుక గోడలకు జాలీ పట్టీలు, అంటే ఇనుప జాలీ బిగించి సిమెంటు పూసే పట్టీలు వేయించాలా, గోడలన్నిటికీ జాలీతో సిమెంటు తొడుగు వేయించాలా, లేక కడ్డీలతో బిగించాలా? విశాఖ భూకంప ప్రమాదం తక్కువగా ఉండే రెండో జోన్‌లోనే ఉంది కదా, ఇదంతా అవసరమా అన్న సందేహమూ దాని వెంటే వస్తుంది. భూకంపాలను తట్టుకునే కట్టడాలకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 1893లోని 2016 నాటి పటం ప్రకారం మనది రెండో జోనే. అయితే 1993 సెప్టెంబరు 30న భూకంపంలో వేలమంది ప్రాణాలు పోయిన మహారాష్ట్రలోని కిల్లారి అప్పటి పటంలో అన్నిటికంటే ప్రమాదం తక్కువని భావించిన మొదటి జోన్‌లో ఉండేది. ఎంత ఖర్చు పెట్టాలన్నది నిర్ణయించుకోవడానికి జోన్ పనికివస్తుంది గాని, ఏమీ చేయకుండా ఊరుకోవడానికి అది ఆధారం కాదు.

కిల్లారి ఇళ్ల గోడలు సన్నవేమీ కావు. మట్టితో పేర్చిన ఆ రాతిగోడల్లో చాలావాటి మందం రెండడుగుల పైమాటే. లోపలి వరుసనూ బయటి వరుసనూ కలిపి పట్టే పొడవు రాళ్లు లేకపోవడంతో గోడలు నిలువునా రెండుగా విడిపోయాయి, బరువైన మట్టి మిద్దెలు మనుషుల మీద పడ్డాయి. అందుకే ఈ మూడు పద్ధతుల్లో ఏది గోడను ఎంత గట్టిపరుస్తుందన్న ప్రశ్న నా దృష్టిలో రెండోది. నాలుగు గోడలనూ పైకప్పునూ ఏది విడిపోకుండా పట్టి ఉంచుతుందన్నదే మొదటిది. మూత అంటించిన అట్టపెట్టె నలగకుండా నిలిచినట్టే, ఒకదానికొకటి కట్టుబడిన గోడలు ఊపును పంచుకుంటాయి. మన పాత ఇళ్లలో ఈ కట్టుబాటు సాధారణంగా మూలల్లోనూ, తరువాతి తరం కలిపిన గది పాత గోడకు ఆనే చోటా లోపిస్తుంది. అక్కడ పైనుంచి కిందికి దిగిన నిలువు పగులు కనబడితే, దానికి లప్పం పెట్టి రంగు వేసినందువల్ల ఆ గోడలు కలవవు.

పూర్తి తొడుగు బలమైనదే, కాదనను. కాని గోడలన్నిటి పాత పూతనూ చెక్కేయాలి, ఇల్లు ఖాళీ చేయాలి, ఖర్చు పట్టీలకంటే ఎంతో ఎక్కువ. అంతకంటే ముఖ్యంగా, సున్నపు గోడ పునాది నుంచి పీల్చిన చెమ్మను తన ముఖం గుండా వదులుతుంది. రెండు వైపులా చిక్కటి సిమెంటు పూత వేస్తే ఆ చెమ్మ లోపలే నిలిచి ఉప్పుతో పాటు ఇటుకను తింటుంది, జాలీకి తుప్పు పట్టిస్తుంది. సముద్రపు గాలి సోకే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. గోడలు ఇప్పటికే బాగా చితికిన ఇంటికి తప్ప నేను దీనిని సూచించను.

పట్టీలు గోడలో కొంత భాగాన్నే కప్పుతాయి. తలుపులు, కిటికీల పైమట్టంలో ఒకటి, పైకప్పు కింద ఒకటి ఇంటి చుట్టూ అడ్డంగా తిరుగుతాయి. మూలల్లోనూ గోడలు కలిసే చోట్లా నిలువు పట్టీలు వస్తాయి. ఇటువంటి గోడల కట్టడాలను బలపరచడానికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 13935 చెప్పే పద్ధతి ఇదే. పూత చెక్కి, ఇటుకల మధ్య సందులు గీకి, తడిపి, ఒక పొర సిమెంటు పూత వేసి, జాలీ బిగించి, దాని మీద రెండో పొర వేస్తారు. ఇంట్లో ఉంటూనే ఒక్కొక్క వైపు చేయించుకోవచ్చు, అనుభవమున్న మేస్త్రీ చేయగలడు. ఇక్కడ పట్టుబట్టవలసినవి మూడు: జాలీ జింకు పూత గలదై ఉండాలి, పట్టీ ఎక్కడా తెగకుండా చుట్టూ తిరగాలి, వేసిన తరువాత వారం పది రోజులైనా నీళ్లు పట్టాలి. మెట్లు అడ్డం వచ్చాయనో, పక్కింటి గోడ ఆనుకుందనో మధ్యలో ఆపేసిన పట్టీ పెట్టిన ఖర్చుకు తగిన పని చేయదు.

కడ్డీల విషయంలో నాకు కొంత మొగ్గు ఉందని ముందే చెప్పాలి. ఎదురెదురు గోడలను పైకప్పు మట్టంలో కడ్డీతో కలిపి, బయట పలకలు పెట్టి బిగిస్తారు. తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది, మార్చవచ్చు, పాత కట్టడం రూపు చెడదు. అయినా కడ్డీ రెండు చివరలనే పట్టుకుంటుంది, మధ్య గోడకు ఆసరా ఇవ్వదు. కాబట్టి మామూలు ఇంటికి పట్టీలే ప్రధానమని, వాసాలు దిగిన ముందు వసారా వంటి చోట్ల కడ్డీలు తోడుగా ఉండాలని నా అభిప్రాయం.

పైకప్పు గురించి ఒక మాట చెప్పక తప్పదు. 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌లో పెంకులు ఎగిరిపోయాక, కొందరు అవే సున్నపు గోడల మీద స్లాబు వేయించారు. తుపానుకు బరువైన కప్పు మేలే, కాని భూమి ఊగినప్పుడు గోడ మీద పడే బలం బరువును బట్టి పెరుగుతుంది. అటువంటి ఇళ్లకు స్లాబు అంచు కిందనే వచ్చే పట్టీ, దానిని స్లాబుతో కలిపే కడ్డీలు తప్పనిసరి. పెంకుటిల్లు అలాగే ఉంచుకున్నవారు దూలాలను గోడకు గట్టిగా బిగించి, వాసాల మధ్య అడ్డ కట్టు వేయించుకుంటే సరిపోతుంది.

కార్బన్ పీచు అంటించే పద్ధతి నాసిగా ఉన్న ఇటుక ముఖం మీద సరిగా పట్టదు, ఖరీదూ ఎక్కువ. పడగొట్టి కట్టుకోవడం స్థోమత ఉన్నవారి నిర్ణయం. కింద కార్లకు వదిలి స్తంభాల మీద నిలబెట్టిన పాత అపార్టుమెంట్ల సమస్య వేరు. 2001 జనవరి 26న భుజ్ భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూలినవి ఎక్కువగా అటువంటివే. వాటికి స్తంభాల తొడుగు గాని, కొన్ని స్తంభాల మధ్య కాంక్రీటు గోడలు గాని ఇంజనీరు లెక్కకట్టి చెప్పాలి; తుప్పు పట్టిన ఇనుము శుభ్రం చేయకుండా తొడుగు వేస్తే ఆ డబ్బు వృథా.

పాత ఇళ్లకు వెంటనే అంత సొమ్ము సమకూరకపోతే, వీధివైపు ఎత్తయిన పిట్టగోడను తగ్గించడంతో మొదలుపెట్టవచ్చు. ఊపు వస్తే ముందు రాలేవి అవే. దాని తరువాత పైకప్పు కింది పట్టీ, ఆ తరువాత కిటికీల పైది, చివరకు మూలలు అన్న వరుసలో ఏడాదికి కొంత చొప్పున చేయించుకోవచ్చు.