ఇంట్లో కట్టిన పుష్ బటన్ స్టార్ట్: రెండు వానాకాలాల తర్వాత

మా పాత మారుతి 800కి నేనే కట్టిన పుష్ బటన్ స్టార్ట్‌లో నాకు ఇప్పటికీ మోజు తీరనిది ఒక్కటే, తాళం కోసం తడుముకోనక్కర్లేకపోవడం. అమలాపురం బజారు నుంచి రెండు చేతులా సంచులతో వానలో తడుస్తూ వచ్చినా బ్లూటూత్ ట్యాగ్ (తన గుర్తింపు సంకేతం పంపుతుండే చిన్న బిళ్ళ) ఒంటిమీద ఉంటే చాలు. పంచె కట్టిన రోజు రొండిన దోపుకుంటాను. బ్రేకు తొక్కి బటన్ నొక్కితే ఇంజిన్ అందుకుంటుంది. లోపల ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఆ ట్యాగ్‌ని గుర్తుపట్టి, రిలేలతో (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) తాళం చేసే పని చేస్తుంది.

పరువు పోయింది మాత్రం సఖినేటిపల్లి రేవులో. మేం హైదరాబాద్ వెళ్ళొచ్చేదాకా బండి నరసాపురంలో చుట్టాలింటి ముందు వారం పైగా నిలబడింది. అక్కడ మొరాయిస్తూనే స్టార్టయింది. రేవు దగ్గరే కాబట్టి బ్యాటరీకి ఛార్జ్ ఎక్కే వ్యవధి లేదు. గోదావరి దాటించే పంటు అవతల సఖినేటిపల్లి ఒడ్డుకి ఆనింది, బైకులన్నీ దిగిపోయాయి, బటన్ నొక్కాను. టక్కుమని రిలే పడింది, వెంటనే వదిలేసింది. మళ్ళీ నొక్కినా అంతే. "బండి తియ్యండి బాబూ, వెనకాల ఆటోలు దిగాలి" అని పంటు కుర్రాడి కేకలు. పాత తాళం వైరింగ్ పీకేయకుండా ఉంచాను కాబట్టి బతికాం. మా ఆవిడ బ్యాగులోంచి తాళం తీసి ఇచ్చింది, ఒక్క మాటా అనలేదు. తిప్పగానే ఇంజిన్ అందుకుంది!

కారణం ఇదీ. స్టార్టర్ మోటార్ తిరగడం మొదలెట్టిన క్షణంలో బ్యాటరీ వోల్టేజి ఒక్కసారిగా కిందికి జారుతుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే బోర్డుకి కావలసిన 5 వోల్టులు కూడా నిలవవు, రీసెట్ అయిపోతుంది, రిలేలు వదిలేస్తాయి. తాళానికి ఆ బాధ లేదు. అసలు బ్యాటరీని నీరసపరిచిందీ ఆ బోర్డే. ట్యాగ్ కోసం రాత్రీపగలూ వింటూ 100 మిల్లీ ఆంపియర్లు తాగినా రోజుకి 2.4 ఆంపియర్ అవర్లు పోయినట్టే, చిన్న కారు బ్యాటరీ మొత్తం 35 దగ్గర ఉంటుంది. బోర్డు సప్లైకి ముందు కరెంటుని వెనక్కి పోనివ్వని ఒక డయోడ్, దాని వెనక క్షణంపాటు కరెంటు నిలవుంచే 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక ఆ జబ్బు మళ్ళీ రాలేదు. ఊరెళ్తే బోర్డు ఫ్యూజ్ పీకేసి వెళ్తున్నా.

తాళం అక్కర్లేదన్నాను గానీ, స్టీరింగ్ లాక్ తాళం పెట్టందే విడిపోదు, అందుకని దాన్ని తీయించక తప్పలేదు. ట్యాగ్ ఐడీ గాల్లో బాహాటంగా పోతుంటుంది, ఫోనున్న ఎవరైనా నకలు తీయొచ్చు. అందుకని గేర్ లాక్ పెట్టించాను, దానికి మళ్ళీ ఓ తాళం. మా వీధిలో ఉన్నప్పుడు వెయ్యను లెండి.

అసలు తాళం కాకపోతే ఇంజిన్‌ని నడవనివ్వని ఇమ్మొబిలైజర్ లేని పాత బండి, ఇంట్లో సోల్డరింగ్ ఐరన్, ఆదివారాలు ఖాళీ, ఇవన్నీ ఉన్నాయి కాబట్టి నాకు సరిపోయింది. మా తమ్ముడు తన కొత్త కారుకీ పెట్టమంటున్నాడు. దాని తాళంలో చిప్ ఉంది, అది కనబడందే ఇంజిన్ నడవదు. ఆ బండి జోలికి నేను పోను.