స్టెరాయిడ్ వాడేవారి చేతిలో ఆక్యు-చెక్ యాక్టివ్

పొద్దున్న పరగడుపున 105 చూసి, షుగరు బాగానే ఉందని మిషను డబ్బాలో పెట్టేస్తారు. ఉబ్బసానికో, కీళ్లవాతానికో, కిడ్నీ జబ్బుకో పొద్దున్నే ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మోసపోయేది ఇక్కడే. మాత్ర పడిన 4 నుంచి 8 గంటల్లో షుగరు పైకెక్కి, రాత్రికి దిగుతుంది. అదే మనిషికి మధ్యాహ్నం 280 ఉండొచ్చు. స్ట్రిప్పులు పొదుపుగా వాడాలంటే మధ్యాహ్నం భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకటి, రాత్రి భోజనానికి ముందు ఒకటి చూడాలి. రాత్రిపూట ఇన్సులిన్ పొడుచుకునేవాళ్లు మాత్రం పరగడుపుది మానకూడదు.

ఈ పనికి ఆక్యు-చెక్ యాక్టివ్ అనే షుగరు మిషను సరిపోతుంది. చిన్న చుక్క చాలు, 5 సెకన్లలో అంకె పడుతుంది. 10 నుంచి 600 దాకా చూపిస్తుంది, 500 ఫలితాలు దాచుకుంటుంది. నచ్చనిది అది చూపించే సగటు. 105, 280 కలిపి 192 అంటుంది. ఆ అంకె చూస్తే ఏ పూట ఎంత ఉందో ఎవరికీ తెలీదు. చూసిన ప్రతిసారీ తిండికి ముందో తర్వాతో గుర్తు పెట్టండి. మాత్ర వేసుకున్న టైము, డోసు పక్కన నోటుబుక్కులో రాసుకుంటే డాక్టరుకి అదే అసలు రిపోర్టు.

రంగు మారడాన్ని చూసి కొలిచే మిషను కాబట్టి, స్ట్రిప్పు దూరే చోట రక్తం అంటితే తప్పు చూపిస్తుంది. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. చెయ్యి సంగతి ఇంకా ముఖ్యం. సువర్ణరేఖ మామిడిపండు తిన్న చేత్తో పొడిస్తే వేలికంటిన రసమే షుగరుగా పడుతుంది. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని, వేలి కొనకి పక్కన పొడవండి. నడిమధ్య పొడిస్తే నొప్పెక్కువ.

స్ట్రిప్పులు 30 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే ఉంటుంది. మే నెలలో శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌లో కొని స్కూటర్ డిక్కీలో పడేసుకుని సోంపేట దాకా వెళ్తే ఇంకేం మిగులుతుంది? మూత వెంటనే బిగించకపోతే సముద్రపు తేమ కూడా లాగేస్తుంది. ఉద్దానం వైపు కిడ్నీ రోగులకి ఇంకో చిక్కుంది. రక్తం బాగా తక్కువున్నవాళ్లలో స్ట్రిప్పు మిషన్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. అందుకే ఒకసారి ల్యాబులో ఇచ్చిన రక్తంతో పోల్చి చూసుకోవాలి.

మిషను ఎక్కువగా అక్కరకొచ్చేది స్టెరాయిడ్ దించేటప్పుడు. మాత్ర డోసు 40 మిల్లీగ్రాముల నుంచి 30కి, 20కి తగ్గుతుంటే షుగరూ దిగుతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర పాత డోసే నడిస్తే 70 కిందికి పడిపోతారు. చెమట, వణుకు వస్తే 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. తెల్లారి షుగరు పడిపోతున్నా, మధ్యాహ్నం వరసగా 200 దాటుతున్నా డాక్టరుకి ఫోన్ చెయ్యండి. షుగరు పెరుగుతోందని స్టెరాయిడ్ సొంతంగా ఆపేయొద్దు, వారాల తరబడి వాడిన ఒంట్లో సహజంగా ఊరే స్టెరాయిడ్ నిద్రపోయి ఉంటుంది. అంకె బదులు 'హెచ్‌ఐ' పడితే 600 దాటిందని అర్థం. చేతులు కడిగి ఇంకోసారి చూసినా అదే వస్తే 108కి ఫోన్ కొట్టండి.